క్లోజ్ కాని ట్రిప్

మాదాపూర్ కంపెనీల పార్కింగుల్లో నర్సింహ పేరెత్తితే తోటి డ్రైవర్లు నవ్వుతారు. ఎగతాళే, కానీ అందులో కాస్త గౌరవం కూడా కలిసి ఉంటుంది. పన్నెండేళ్ల సర్వీసులో ఒక్కటంటే ఒక్క ట్రిప్పు కూడా దొంగ క్లోజ్ చేయని మహానుభావుడు అతనొక్కడే మరి.

ఈ క్లోజ్ గొడవేమిటో ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. కంపెనీ క్యాబులో ఆడ ఉద్యోగి ఎక్కితే ఆమె ఫోనుకు నాలుగంకెల నంబరు ఒకటి వస్తుంది. ఇల్లు చేరి లోపలికి వెళ్లాక ఆమె ఆ నంబరు డ్రైవరుకు చెప్పాలి. డ్రైవరు దాన్ని తన ఫోన్లో కొట్టి ‘ట్రిప్ క్లోజ్’ అనాలి. అంతదాకా బండి కదలకూడదు. రూలైతే అదీ. జరిగేది వేరు. గేటు దగ్గరే నంబరు అడిగేసి, అమ్మాయి లిఫ్టు ఎక్కిందో లేదో కూడా చూడకుండా బండి తిప్పేసేవాళ్లే ఎక్కువ. నర్సింహ మాత్రం ససేమిరా కదలడు. నల్లగండ్లలో పదకొండో అంతస్తులో ఉండే యశస్విని మేడం పైకెళ్లి, బాల్కనీలోంచి చెయ్యి ఊపి, ఫోనులో నంబరు చెబితే తప్ప అతను తాళం తిప్పడు. వాన రానీ, వడగళ్లు రానీ, వెనకనుంచి హారన్లు కొట్టి తిట్టనీ.

అలాంటి మనిషి కూతురు సముద్రం దాటి పరాయి దేశం పోతానంది. ఇంకేముంది, ఇల్లు కురుక్షేత్రం!

కూతురు పేరు వర్షిత. బాచుపల్లిలో డిగ్రీ మూడో ఏడు. వీళ్లు అద్దెకుండేది ప్రగతి నగర్ చెరువు వెనక సందులో. ఆ చెరువు నీళ్లనే ఏడాదిపాటు నెలనెలా సీసాల్లో పట్టి, ఏ కాలువ కలిసిన చోట నీళ్లు ఎలా పాడవుతున్నాయో లెక్క తీసింది ఆ పిల్ల. ఆ పని శ్రీలంకలో అనురాధపురం అనే ఊళ్లో చెరువుల మీద జరిగే విద్యార్థుల సభవాళ్లకు నచ్చింది. రమ్మన్నారు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె వంతు. తిండి, పడక వాళ్లవే. రానుపోను దారి మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి.

విమానం టికెట్టు ధర చూసి తండ్రీకూతుళ్లిద్దరూ ఫోను బోర్లా పెట్టేశారు. రెండు రోజులు ఇంట్లో ఆ ఊసు లేదు. మూడోరోజు వర్షిత కాగితం మీద ఒక గీత గీసుకొచ్చింది. మియాపూర్‌లో బస్సెక్కితే చెన్నై. చెన్నైలో ఇంకో బస్సెక్కితే నాగపట్నం. అక్కణ్నుంచి ఓడలో నాలుగైదు గంటలు. ఓడ దిగి చిన్న బస్సులో జాఫ్నా. జాఫ్నాలో మరో బస్సెక్కితే సాయంత్రానికి అనురాధపురం. తోడు వస్తానన్న క్లాసు పిల్లకు పాస్‌పోర్టు సమయానికి రాలేదు కాబట్టి వెళ్లేది ఒక్కతే.

“ఒక్కదానివే? ఓడలనా? దిమాక్ గిట్ల ఖరాబైందా నీకు?” అన్నాడు నర్సింహ. అతను జన్మలో ఎక్కిన పడవ హుస్సేన్‌సాగర్‌లోదే. అదీ కళ్లు మూసుకుని ఎక్కాడు.

“నాన్న, నువ్వు దినాం పదిమంది ఆడపిల్లలను డ్యూటీకి తీస్కపోతవు. వాళ్లు గూడ ఎవరో ఒకరి బిడ్డలే గద.”

“వాళ్లకు నేనున్న. నీకెవరున్నరు?”

దానికి జవాబు లేదు ఆ పిల్ల దగ్గర. తల్లి భాగ్యమ్మే అందుకుంది. “పోనియ్యరాదయ్యా! ఏడాది పొడుగునా ఆ గబ్బు నీళ్లల్ల చేతులు పెట్టింది. నాలుగు మంచి మాటలు చెప్పి వస్తనంటే కాళ్లకు అడ్డం పడ్తవేంది?” అంది. భాగ్యమ్మ ఒక పెద్ద ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. మనిషి నెమ్మది, మాట గట్టిది.

నర్సింహ పోరాడి పోరాడి చివరికి దిగొచ్చాడు. దిగొచ్చాడు కానీ ఊరికే దిగలేదు. బండిలోని పాత ట్రిప్ షీట్ల ప్యాడ్ తీశాడు. పికప్, డ్రాప్, టైము, ఎస్కార్ట్ పేరు, సంతకం అని గడులుండే షీటు. ఎస్కార్ట్ అంటే, ఆడపిల్ల ఒక్కతే ఉంటే క్యాబులో తోడు పంపే గార్డు. ప్రయాణాన్ని నాలుగు ట్రిప్పులు చేశాడు. చెన్నై ఒకటి, నాగపట్నం రెండు, ఓడా ఆపైన జాఫ్నా బస్టాండూ కలిపి మూడు, అనురాధపురం నాలుగు. ఒక్కో ట్రిప్పుకు ఒక్కో నాలుగంకెల నంబరు తనే రాశాడు. నకలు తీసి ఒకటి కూతురి పాస్‌పోర్టు అట్టలో పెట్టి, ఒకటి తన డాష్‌బోర్డులో పెట్టుకున్నాడు.

“చేరంగనే నంబర్ చెప్పాలె. నేను ‘ట్రిప్ క్లోజ్’ అనాలె. అప్పుడే ఇంకో బండెక్కుడు. నేను క్లోజ్ అనకుంటే ముందుకు అడుగు వెయ్యొద్దు. అక్కణ్నుంచే వాపస్. నా మీద ఒట్టు.”

“సరే నాన్న. ఒట్టు.”

“మల్ల జెప్పు.”

“నువ్వు క్లోజ్ అనకుంటే బస్సెక్కను. సరేనా?” అని ఆ పిల్ల కూడా వేలు చూపించి ఒక షరతు పెట్టింది. “నువ్వు గూడ ఒక మాటియ్యాలె. నా నంబర్ నుంచి తప్ప, ఇంకే నంబర్ నుంచి నా పేరు చెప్పి ఎవరు చేసినా మాట్లాడొద్దు. కట్ చెయ్యి, బ్లాక్ చెయ్యి. పోయినసారి చేసినట్టు చెయ్యకు.”

పోయినసారి సంగతి తలుచుకుంటే నర్సింహకు ఇప్పటికీ తల వాలిపోతుంది. ఎవడో ఫోన్ చేసి, మీ అమ్మాయి ఫలానా కేసులో దొరికింది, మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది చెప్పండి అంటే, వణుకుతూ చెప్పబోయాడు. వర్షిత పక్కనే ఉండి ఫోను లాక్కుంది. తోటి డ్రైవర్ ఓంకార్‌కైతే అలా లాక్కునేవాళ్లు లేక నెల జీతం మొత్తం ఊడ్చుకుపోయింది. అప్పటినుంచి కంపెనీ ట్రాన్స్‌పోర్టు డెస్కువాళ్లు డ్రైవర్లకు క్లాసులు పెట్టారు. బయటి దేశాల నంబర్లు ఎత్తొద్దు, వాళ్లకు మీ పిల్లల పేర్లు కూడా తెలిసుంటాయి, ఒక్క నిమిషం మాట్లాడినా మునిగిపోతారు అని. నర్సింహ ఆ క్లాసులో ముందు వరసలో కూర్చుని విన్నాడు.

అలా తండ్రి ఒక తాళం వేశాడు, కూతురు ఒక తాళం వేసింది. రెండూ మంచి తాళాలే.

గురువారం పొద్దున ఆరింటికి నాగపట్నం నుంచి ఫోనొచ్చింది. “నాన్న, రెండు తొమ్మిది ఐదు ఎనిమిది. ఓడ కనిపిస్తుంది, మస్తు పెద్దగుంది!”

“ట్రిప్ క్లోజ్” అన్నాడు నర్సింహ, షీటులో టైము రాసుకుంటూ. “అంచు కాడికి పోకు. నడుమ కూసో. అర్థమైందా?”

ఎనిమిదింటికల్లా ఉద్యోగుల్ని దింపి బండి పార్కింగులో పెట్టాడు. సన్నగా ముసురు పట్టింది. ఓంకార్ తన ఫోన్లో వార్తలు చూస్తూ, “అన్నా, సముద్రంల అల్పపీడనం అంట, చూసినవా?” అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే నర్సింహ మొహంలో నెత్తురు చుక్క లేదు.

పన్నెండైంది. ఓడ చేరాల్సిన టైము. కూతురికి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంకా సముద్రంలోనే ఉన్నట్టుంది, సిగ్నల్ ఉండదు కదా అనుకున్నాడు. పన్నెండున్నరకు స్విచాఫ్. దిగాక లైనులో నిలబడి ముద్రలు వేయించుకోవాలి కదా అనుకున్నాడు. ఒంటిగంటకు కూడా స్విచాఫ్. ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“వస్తదిలే అన్నా, జర చాయ్ తాగు,” అన్నాడు ఓంకార్.

“చాయ్ గొంతు దిగుతదారా!”

ఒంటిగంట పదికి డెస్కువాళ్లు ఒక మేనేజరుగారిని గచ్చిబౌలిలో దింపి రమ్మన్నారు. ఫ్లైఓవర్ మీద ఉండగా ఫోన్ మోగింది. ప్రాణం లేచి వచ్చింది. చూస్తే వర్షిత కాదు. ప్లస్ తొంభై నాలుగుతో మొదలయ్యే ఏదో నంబరు. ఛీ అనుకుని కట్ చేశాడు. సిగ్నల్ దగ్గర మళ్లీ అదే నంబరు. మళ్లీ కట్. వీళ్ల దుంప తెగ, ఇవ్వాళే దొరికానా వీళ్లకు నేను అని తిట్టుకున్నాడు. వెనక సీట్లో మేనేజరుగారు తల కూడా ఎత్తలేదు.

పార్కింగుకు తిరిగొచ్చాక మూడోసారి మోగింది. ఈసారి కడుపు మంటకొద్దీ ఎత్తాడు. నాలుగు తిట్లు తిడదామనే ఎత్తాడు. అవతల ఎవరో నడివయసు ఆడమనిషి. వచ్చీరాని ఇంగ్లీషు, మధ్యమధ్యలో అరవం. “హలో? ఫాదర్? వర్షిత ఫాదర్? యువర్ డాటర్... నంబర్...”

కూతురి పేరు తెలుసు వీళ్లకు! నంబరు అడుగుతున్నారు! క్లాసులో చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒక్క క్షణం ఆగితే నోరు జారతానేమో అన్నంత భయంతో ఫోను కట్ చేసి, ఆ నంబరును బ్లాక్ చేసి పారేశాడు. పని మాత్రం పక్కాగా చేశాడు.

“నాకు గూడ వచ్చిందిరా ఓంకార్, నీకొచ్చినట్టే! కట్ చేసిన, బ్లాక్ గూడ చేసిన,” అన్నాడు.

“శెభాష్ అన్నా!” అన్నాడు ఓంకార్.

ఆ శెభాష్ అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. వాళ్లకు వర్షిత పేరెలా తెలిసింది? ఇవ్వాళే ఎందుకు చేశారు? దాని ఫోను ఎవడి చేతిలోనన్నా పడిందా? పడితే అది ఎక్కడుంది? నర్సింహ ఆ ప్రశ్నలతో పార్కింగులో అటూ ఇటూ తిరిగాడు. ఓడవాళ్ల ఆఫీసు నంబరు సంపాదించి చేస్తే అరవంలో రికార్డింగు వచ్చింది. అరవం రాదు. వెంటనే ఇంగ్లీషులో వచ్చింది. అది అంతకన్నా తొందరగా అయిపోయింది.

రెండుంబావుకు భాగ్యమ్మ పనిచేసే టవర్ వెనక గేటు దగ్గరికి వెళ్లాడు. ఆమె అన్నం తినడానికి బయటికొచ్చే టైమది. వాళ్ల ఫ్లోరులోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పొద్దున లాకర్లో పెడితే ఆరింటికే మళ్లీ చేతికొచ్చేది. కాబట్టి ఆమెకు కబురు ఏదైనా భర్త నోటి నుంచే తెలియాలి.

ఆమె టిఫిన్ డబ్బా పట్టుకునే పరుగున వచ్చింది. “నంబర్ వచ్చిందా?”

నర్సింహ నోరు తెరిచాడు. ఆమె కళ్లు చూశాడు. “వచ్చింది,” అన్నాడు.

“క్లోజ్ చేసినవా?”

“చేసిన.”

“హమ్మయ్య! మల్లన్న దేవుని దయ. పొద్దుగాల సంది కడుపుల దేవినట్టయింది నాకు.” భాగ్యమ్మ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి తీసుకుంది. డబ్బా మూత తీసి, “నువ్వు తిన్నవా? మొకం గట్లున్నదేంది?” అంది.

“తిన్న,” అన్నాడు. అది రెండో అబద్ధం. పన్నెండేళ్లలో ఎవరి బిడ్డ విషయంలోనూ చేయని దొంగ క్లోజ్, సొంత బిడ్డ విషయంలో కన్నతల్లి మొహం మీదే చేశాడు. బండిలోకొచ్చి కూర్చుని స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేనే పంపాను, నేనే పంపాను అని ఒకటే గొణుగుడు. అసలు పంపింది పెళ్లాం. కానీ ఆ మాట అనుకోవడానికి కూడా ఓపిక లేదప్పుడు.

నాలుగుంబావుకు ఉద్యోగులు దిగొచ్చారు. ముగ్గురు. ఇద్దర్ని కొండాపూర్‌లో దింపేశాక యశస్విని ఒక్కతే మిగిలింది. ఆమెది సూళ్లూరుపేట. చదువు చెన్నైలో, ఉద్యోగం ఇక్కడ. రెండేళ్లుగా నర్సింహ బండే. లింగంపల్లి వైపు తిరగాల్సిన చోట నర్సింహ నేరుగా పోనిచ్చాడు. కాస్త దూరం పోయాక ఒక స్కూటరును తగలబోయి గట్టిగా బ్రేకు వేశాడు.

“నర్సింహ గారూ, పక్కకి ఆపండి,” అంది యశస్విని. “ఆపండి ముందు. ఏమైందండీ మీకు? ఒంట్లో బాలేదా?”

అతను ఆపాడు. ఆపాక ఏడుపొచ్చింది. పన్నెండేళ్లలో ఏ మేడం ముందూ ఏడవలేదు. ముక్కు తుడుచుకుంటూ మొత్తం చెప్పేశాడు. బస్సులు, ఓడ, నంబర్లు, స్విచాఫ్, భార్యకు చెప్పిన అబద్ధం అన్నీ.

“ఒంటిగంటకల్లా రావాలె మేడం. నాలుగు దాటింది. దాని పేరు చెప్పి దొంగ ఫోన్ గూడ వచ్చింది. ఎవనికో దాని ఫోను దొరికింది, అదే నా పరేషాని.”

“దొంగ ఫోనా? ఎవరు మాట్లాడారు?”

“ఎవరో ఆడమనిషి. అరవంల. నంబర్ అడిగింది. మూడుసార్లు చేసింది. బ్లాక్ చేసి పడేసిన.” ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతులో కాస్త ధైర్యం వినిపించింది.

యశస్విని నిటారుగా కూర్చుంది. “నంబరు ఏది? చూపించండి.” ఫోను తీసుకుని బ్లాక్ చేసినవాటి జాబితా తెరిచింది. చూసింది. “అయ్యో నర్సింహ గారూ! ప్లస్ నైన్‌టీ ఫోర్ అంటే శ్రీలంకేనండీ!”

ఆమె చెప్పింది నర్సింహ చెవుల్లో పడింది కానీ లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక, తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. ఆ చేత్తోనే బ్లాక్ చేశాడు.

“చెయ్యండి మేడం. జల్ది చెయ్యండి. మీకు అరవం వస్తది గద, మీరే మాట్లాడండి.”

బ్లాక్ తీసేసి, స్పీకర్ పెట్టి ఆమే చేసింది. రెండు రింగులకే అవతల ఆ ఆడమనిషి గొంతు. యశస్విని అరవంలో ఏదో అనగానే ఆ గొంతు ఒక్కసారిగా లేచింది. తిడుతోందని తెలుసుకోవడానికి నర్సింహకు భాష అక్కర్లేకపోయింది. యశస్విని వింటూ, ఆపుతూ, తెలుగులో చెప్పుకొచ్చింది.

“ఈవిడ పేరు పుణ్యవతి అటండీ. జాఫ్నా బస్టాండులో టీ కొట్టు. మీ అమ్మాయి బాగుంది. బాగుందండీ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఓడ దిగేటప్పుడు వానకి ఫోను తడిసి ఆగిపోయిందట. మీ నంబరొక్కటే నోటికి వచ్చట, బండి వెనక అద్దం మీద రాసుంటుంది కదా. ఈవిడ ఫోనుతోనే రెండుసార్లు చేసింది, మీరు కట్ చేశారు. మూడోసారి మీ అమ్మాయి బస్సుల టైము కనుక్కోడానికి వెళ్తే ఈవిడే చేసిందట. ఆ కాగితం మీదున్న నంబరు చదువుదామనుకునేలోపే పెట్టేశారట. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా కలవలేదట.”

“మల్ల నా బిడ్డ ఏది? పోయిందా? బస్సెక్కిందా?”

యశస్విని అడిగింది. జవాబు విని చెప్పింది. “లేదండీ. అక్కడే ఉంది. ఒంటిగంట నుంచి ఈవిడ బల్ల మీదే కూర్చుంది. మూడు బస్సులు పోయాయట. ప్రతి బస్సుకీ ఎక్కమ్మా అని ఈవిడ చెప్పిందట. మా నాన్న క్లోజ్ అనాలి, అప్పుడే ఎక్కుతాను, ఒట్టు పెట్టాను అంటోందట. ఏమిటా క్లోజ్, ఏం తండ్రివి నువ్వు అని అడుగుతోందండీ.”

నర్సింహ లెక్క వేసుకున్నాడు. రెండింటి బస్సు ఎక్కి ఉంటే ఆరింటికల్లా, పొద్దుండగానే అనురాధపురంలో ఉండేది. కాపాడుతుందని తను గీసిన గీత బిడ్డను పరాయి ఊరి బస్టాండులో మూడున్నర గంటలు కట్టిపడేసింది.

ఫోను చేతులు మారింది. “నాన్న?”

“బిడ్డా!”

“నువ్వు మంచిగున్నవా? బండికేమన్న అయ్యిందా? నీకేమన్న అయ్యిందా?” వర్షిత ఒక్కసారిగా ఏడ్చేసింది. “నువ్వు క్లోజ్ చెయ్యకుంట ఎన్నడు ఉండవు గద నాన్న! ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తుతలేవు. ఫ్లైఓవర్ మీద యాక్సిడెంట్ గిట్ల అయ్యిందేమో అని... అమ్మ నంబర్ నాకు యాదికి లేదు. ఎవరిని అడగాల్నో తెల్వలే.”

తనకోసం ఇక్కడ తండ్రి చచ్చేంత బెంగ పడుతుంటే, అక్కడ ఆ పిల్ల తండ్రి కోసం అదే బెంగ పడుతూ కూర్చుంది. ఇంతకన్నా గ్రహచారం ఉంటుందా! నర్సింహ కళ్లు గట్టిగా మూసుకుని, “నాకేం కాలేదు బిడ్డా. తప్పు నాదే. నేనే ఎత్తలే, బ్లాక్ చేసిన,” అన్నాడు.

“నేనే కదా చెయ్యమన్న,” అంది వర్షిత ముక్కు ఎగబీలుస్తూ. అవతల బస్సు హారన్ వినబడింది. ఆ పిల్ల గొంతు హడావుడిగా మారింది. “నాన్న, ఐదింటి బస్సు వచ్చింది. నేను ఎక్కదగ్గ బస్సు ఇగ ఇదే అంటుంది ఆంటీ. చేరేసరికి తొమ్మిది దాటుతదంట. ఎక్కాల్నా? నంబర్ రాకుంటే వాపస్ రావాలె అన్నవు. రేపు ఓడ ఉందో లేదో కనుక్కోవాల్నా? నువ్వు చెప్పు.”

చెప్పాలి. ఒక్క మాట. వచ్చేయ్ అంటే చాలు, రేపో ఎల్లుండో బిడ్డ ఇంట్లో ఉంటుంది. రేపు తొమ్మిదింటికి ఆ సభలో ఆమె వంతు ఎవరికో పోతుంది, అంతే కదా! నాలుక చివర వచ్చేయ్ అన్న మాటే ఉంది నర్సింహకు. పొద్దుగూకాక, భాష తెలియని దేశంలో, ముక్కూమొహం తెలియని జనం మధ్య బస్సులో ఆడపిల్ల. యశస్విని అతని వంకే చూస్తోంది.

“నీకెట్లున్నది బిడ్డా?” అని అడిగాడు. కూతుర్ని అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

“భయమైతుంది,” అంది వర్షిత. “కానీ పోవాలనుంది నాన్న.”

“అయితే పో.” నర్సింహ ఫోను దగ్గరికి వంగాడు. “ఎక్కు. ఇగ నా ఒట్టు తీసేస్తున్న. ఆఖరి నంబర్ షీటుల కొట్టెయ్యి, అది ఇగ అక్కర లేదు. చేరినంక ఎవరి ఫోనన్న దొరికితే చెయ్యి, దొరకకుంటే పొద్దుగాల చెయ్యి. నేను ఎత్తుత. ఏ నంబరైనా ఎత్తుత.”

“మూడోది చెప్పనీ నాన్న. ఆరు ఒకటి నాలుగు సున్న.”

“ట్రిప్ క్లోజ్,” అన్నాడు నర్సింహ. సగం మాటే వినిపించింది. మిగతా సగం ఆ పిల్లే ఊహించుకుని ఉంటుంది.

ఫోను పెట్టేశాక యశస్విని సీసా మూత తీసి నీళ్లిచ్చింది. ఇద్దరూ రోడ్డు పక్కన బండిలోనే కూర్చున్నారు. అద్దం మీద ముసురు పడుతోంది. ఐదూ పదికి ఆ ప్లస్ తొంభై నాలుగు మళ్లీ మోగింది. నర్సింహ చేతిలోంచి ఫోను జారి కిందపడి, వంగి తీసుకునేసరికి నాలుగో రింగు.

ఈసారి పుణ్యవతి తిట్టలేదు. మెల్లగా, విడివిడిగా చెప్పింది. యశస్విని కూడా అంతే మెల్లగా తెలుగు చేసింది. “బస్సు ఇప్పుడే కదిలిందట. కదిలేదాకా ఈవిడ కొట్టు వదిలేసి అక్కడే నిలబడిందట. డ్రైవరు వెనక సీటు, కిటికీ పక్కన, పక్కన ఒక టీచరమ్మ. కండక్టరు తెలిసినవాడేనట, ఆ ఊరు చేరాక సభవాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా అమ్మాయిని కదలనివ్వొద్దని చెప్పిందట. బస్సు నంబరు రాసుకోమంటోంది. రాసుకున్నారా? ఇంకో మాట కూడా అంటోందండీ.” యశస్విని మళ్లీ విని చెప్పింది. “ఇక్కడికి రోజూ ఎవరో ఒకరి పిల్లలు వస్తారు, బస్సు కదిలేదాకా నేను ఎవర్నీ వదలను, నువ్వు ధైర్యంగా ఉండు అంటోంది.”

నర్సింహ ఫోను వంక చూసి రెండు చేతులూ జోడించాడు. అవతలావిడకు కనబడదని తెలుసు. అయినా జోడించాడు. డాష్‌బోర్డులోంచి షీటు తీశాడు. మూడో వరసలో టైము రాసి, నాలుగో వరసలో బస్సు నంబరు రాశాడు. పైనుంచి కింది దాకా ఎస్కార్ట్ గడులన్నీ ఖాళీ. నీకెవరున్నరు అని తను అడిగిన రోజున కూతురు చెప్పలేకపోయిన జవాబు అది. ఆఖరి గడిలో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పుణ్యవతి అని రాశాడు.

యశస్వినిని నల్లగండ్లలో దింపేసరికి ఐదున్నర దాటింది. ఆమె పదకొండో అంతస్తు బాల్కనీలోకొచ్చి చెయ్యి ఊపింది. ఫోన్ చేసి తన నాలుగంకెలు చెప్పింది. అతను క్లోజ్ చేశాడు. “మీ అమ్మాయి చేరగానే నాకో మెసేజ్ పెట్టండి, మర్చిపోకండేం,” అంది ఆమె.

ఆరింటికి టవర్ వెనక గేటు దగ్గర భాగ్యమ్మ లాకర్లోంచి ఫోను తీసుకుని వచ్చింది. బండెక్కగానే నర్సింహ మొత్తం చెప్పేశాడు, అబద్ధంతో మొదలుపెట్టి. ఆమె విన్నంతసేపు విని, అతని భుజం మీద ఒక్కటేసింది. గట్టిగానే వేసింది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆ భుజం మీదినుంచి చెయ్యి తీయలేదు.

ఇంట్లో అన్నం వండారు. ఎవరూ తినలేదు. గోడ గడియారం కింద ఇద్దరూ కూర్చున్నారు. ఎనిమిదింటికి పక్కింటివాళ్లు టీవీ పెట్టారు. తొమ్మిదైంది. తొమ్మిదింబావైంది. భాగ్యమ్మ నోట్లో మల్లన్న పేరు తిరుగుతోంది. నర్సింహ చెవులకు గడియారం తప్ప ఏమీ వినబడటం లేదు.

తొమ్మిదీ ఇరవై ఐదుకు ఫోన్ మోగింది. ప్లస్ తొంభై నాలుగు. పుణ్యవతిది కాదు, కొత్త నంబరు. ఎవరిదో, ఏమిటో తెలియదు. మోగీ మోగకముందే ఎత్తాడు.

“హలో? చెప్పండి, చెప్పండి, నేను వర్షిత నాయిననే. నర్సింహను,” అన్నాడు ఆ తెలియని మనిషితో.

“నేనే నాన్న. సభల పని చేసే అక్క ఫోన్ ఇది. చేరిన. రూంల ఉన్న,” అంది వర్షిత. అలసిపోయిన గొంతులో నవ్వు ఉంది. “ఆఖరి నంబర్ చెప్పాల్నా?”

“వద్దు,” అన్నాడు నర్సింహ. భాగ్యమ్మ ఫోను లాక్కోబోతుంటే ఒక చేత్తో ఆపుతూ, “అన్నం తిన్నవా బిడ్డా?” అన్నాడు.